ముళ్ళపంది ఎవరికి తెలుసు

3 మార్చి 1986, డమాస్కస్

భద్రతా విభాగం ఆఫీసుకు పిలిచారు. కాఫీ ఇచ్చారు. ఏలకులు ఎక్కువయ్యాయి. మీ నవలలో మమ్మల్ని దుమ్ములగొండిని చేశారటగా ఉస్తాద్, మేమేం పీక్కు తిన్నాం అని నవ్వాడు అధికారి. పూర్తి చేయండి, చదివాక మళ్ళీ పిలుస్తాం, అప్పుడు ఇంటికి తొందరగా పంపలేమేమో అన్నాడు.

నవల అచ్చు కాలేదు. దాన్ని చదివింది ఒక్కడే, టైప్ చేసిపెడుతున్న మజహర్.

4 మార్చి

మజహర్ చిన్ననాటి స్నేహితుడు. మేడ మీద నలభై పావురాలను పెంచుతాడు. పావురాలవాడి సాక్ష్యం కోర్టులో చెల్లదంటారు ఈ ఊళ్ళో. పక్క మేడ పావురాన్ని దింపుకుని నాదేనని ఒట్టేసే రకమట. ఇరవై ఏళ్ళుగా ఆ మాటతో అతణ్ణి ఏడిపించాను. ఇవాళ నవ్వు రాలేదు.

నా భార్య రబాబ్ అతను అలాంటివాడు కాదంది. మరెవరు అన్నాను. పప్పు మాడుతోందంటూ పొయ్యి వైపు తిరిగింది.

7 మార్చి, శుక్రవారం

మేడ ఎక్కి అడిగాను. పిచ్చోడా, నా మాట కాజీయే నమ్మడు, వాళ్ళెందుకు నమ్ముతార్రా అన్నాడు మజహర్. మెట్ల మీద జనం వింటుండగా కుక్కా అన్నాను. కాగితాలు తెచ్చేసుకున్నాను.

8 మార్చి

అతని పావురాలు ఎగరలేదు.

19 మార్చి

దుమ్ములగొండి పాతబడింది. తొమ్మిదో అధ్యాయం నుంచి ఆఫీసర్ని ముళ్ళపందిని చేస్తే? గుర్తు కోసం ఇక్కడ రాసుకుంటున్నాను.

25 మార్చి

రబాబ్ హోమ్స్‌లో వాళ్ళ పిన్ని దగ్గరికి వెళ్ళి సాయంత్రానికి వచ్చింది. అన్నం ముట్టలేదు. నజీర్‌కి ఎడమ కణత దగ్గర జుట్టు నెరిసిందంది. నజీర్ ఆమె తమ్ముడు. నాలుగేళ్ళుగా ఎడారి జైల్లో ఉన్నాడు. చూడటానికి ఒక్కసారీ అనుమతి రాలేదు. కలలో కనబడ్డాడేమో అనుకున్నాను.

2 ఏప్రిల్

మళ్ళీ పిలిచారు. ఇప్పుడు ముళ్ళపందులమయ్యామట, ఇది ప్రమోషనా ఉస్తాద్ అన్నాడు అధికారి.

ముళ్ళపంది సంగతి నేనెవరికీ చెప్పలేదు. నవల కాగితాల్లో ఇంకా లేదు. ఈ డైరీలో ఒక్కచోటే ఉంది. డైరీ ఉండేది దుప్పట్ల పెట్టె అడుగున. ఇంట్లో ఉండేది ఇద్దరం.

పెట్టె మొత్తం తీసి చూశాను. చలికాలమంతా తమ్ముడి కోసం రబాబ్ అల్లిన గోధుమరంగు ఉన్ని మేజోళ్ళు లేవు.

ఇకనుంచి డైరీ నా సంచిలోనే.

5 ఏప్రిల్

మజహర్ తలుపు తీయలేదు. ఇక్కడ కుక్కలు లేవు, ఉన్నవి పావురాలే, వేరే ఇల్లు చూసుకోండి అయ్యగారూ అన్నాడు లోపలినుంచి. ఎన్నడూ నన్ను మీరు అనలేదు.

11 ఏప్రిల్

రబాబ్ రోజుకు రెండుసార్లు దుప్పట్లు మడతపెడుతోంది. రాత్రి దానిమ్మ ఒలిచి గింజలన్నీ నా పళ్ళెంలోనే పోసింది.

20 ఏప్రిల్

పదో అధ్యాయంలో ముళ్ళపంది తీసేసి గుడ్లగూబ. పదకొండులో ఏ జంతువో వచ్చే నెల చెబుతాను. నవల ఇప్పట్లో పూర్తికాదు.

డైరీ పెట్టెలో పెడుతున్నాను. పైన రెండు నూలు చొక్కాలు, నజీర్ కొలతవి. ఎండలు మొదలయ్యాయి.