శుక్రుడూ గురుడూ దగ్గరైన సాయంత్రం

ఏమండీ,

మీరు పోయి ఈ నెలకి ఏడాది. నిన్న పొద్దుగూకాక శుక్రుడూ గురుడూ పడమట పక్కపక్కనే కనిపించారు. మీరుంటే ఆ పూట పెళ్లి ఫొటోలకు కూడా ఒప్పుకునేవారు కాదు.

స్టూడియో తొందరగా మూసి, మీ కెమెరా, స్టాండు తీసుకుని మిరపకాయలు ఆరబోసిన కల్లానికి వెళ్లాను. అక్కడైతే చెట్లు అడ్డం రావు. మొదటి రెండు ఫొటోలు నా చెయ్యి తగిలి చెదిరిపోయాయి. తర్వాత టైమర్ పెట్టి తీశాను. గురుడి పక్కన మూడు సన్నటి చుక్కలు కూడా పడ్డాయి.

ఇంటికొచ్చి అత్తమ్మకు చూపించాను.

"ఈ చిన్నవేంటే ఖాశింబీ?" అంది.

"గురుడి చందమామలు అత్తమ్మా. మీ అబ్బాయే చెప్పారు."

ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "చూద్దువు రా అమ్మా అని వాడు ఎన్నిసార్లు పిలిచాడో. మోకాళ్ల నొప్పులని నేనే పోలేదు."

ఇవాళ ఆమెను ఆటోలో కల్లానికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. గ్రహాలు రెండూ నిన్నటికంటే కాస్త ఎడంగా ఉన్నాయి. ఫొటోలు అయిపోయాక, దోమలు కుడుతున్నాయి, పోదామా అన్నాను.

"ఉండవే, ఇంకా కనపడుతున్నాయిగా," అంది.

అవి దిగిపోయే దాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

మీ ఖాశింబీ