చివరి పేజీ నుంచి చదివే మనిషికి

ఇసాఫ్యోర్దుర్,
డిసెంబరు 3.

ప్రియమైన హాల్‌బేరాకు,

ఉన్నూర్ అనేక శుభాకాంక్షలతో రాస్తున్న ఉత్తరం. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అంతా క్షేమం. అకురేరిలో నువ్వూ, నీ కోపమూ క్షేమమేనని తలుస్తాను. ఫోను ఎత్తవు కాబట్టి కాగితం పట్టుకున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

ముందుగా వార్త. ఈ వయసులో నేను పుస్తకాల బ్లాగు మొదలుపెట్టాను. నవ్వకు. రాయడం కన్నా ఏం చదవాలన్నదే పెద్ద తలనొప్పి అయింది. మొదటి నవల నేనే ఎంచుకున్నాను, ఆ తర్వాత ఏమీ తోచలేదు. గ్రంథాలయంలో ఐవిందుర్‌ను అడిగితే, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివి చదివి పుణ్యం కట్టుకోండి, కనీసం దుమ్మైనా వదులుతుంది అన్నాడు. ఆ మాట నచ్చింది. సగం అవి, సగం మన ఊరివాళ్లు రాసినవి అని తేల్చుకున్నాను. మన ఊళ్లో పుస్తకం రాయనివాడెవడు చెప్పు!

అసలు పేరు చెప్పకుండా 'సముద్రకాకి' అని పెట్టుకున్నాను. పడవ నడిపే ఓర్వర్ కవితల మీద, ప్రతి పేజీలో సముద్రం ఉంది గానీ ఎక్కడా తడి లేదు అని రాశాను. మర్నాడు ఈతకొలనుకు వెళ్లి వేడినీళ్ల తొట్టిలో కాలు పెట్టానో లేదో, అందరూ నావైపే తిరిగి ముసిముసి నవ్వులు. ఓర్వర్ అయితే, కాస్త జరగండర్రా, సముద్రకాకి గారొచ్చారు, ఆవిడకు తడి చాలదట అన్నాడు. ఎలా తెలిసిందయ్యా అంటే, పుస్తకం గురించి రాస్తూ మధ్యలో మోకాళ్ల గురించి ఏడ్చేది ఈ ఊళ్లో ఇంకెవరమ్మా అన్నాడు. మర్నాడే తన రెండో సంపుటం తెచ్చి చేతిలో పెట్టాడు. ఇదీ తిట్టాలట.

చదివేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. కానీ 'తడి తువ్వాలు' అనే ఒక మహాతల్లి ఉంది. నేను ఏం రాసినా గంట తిరిగేలోపు వచ్చి దులిపేస్తుంది. ఆ మొదటి నవల చివర్లో విధవరాలు గొర్రెలన్నీ అమ్మేసి కోపెన్‌హాగన్ వెళ్లిపోతుందని రాశాను. ఎక్కడ అమ్మిందమ్మా, నీ మొహం, పుస్తకం తెరిచావా అసలు అని విరుచుకుపడింది. చదువుతూ ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను.

ఇక మన సంగతి. ఆ క్రిస్మస్ రాత్రి నువ్వూ, తమ్ముడు కేటిల్, చర్చివాళ్లూ ఎవరికి వారే నాకు ఒకే నవల ఇచ్చారు. పండగయ్యాక అందరూ చేసే పనే నేనూ చేశాను. ఒకటి ఉంచుకుని, రెండు కొట్లో ఇచ్చి అల్లికల పుస్తకం తెచ్చుకున్నాను. ఉంచుకున్నది నీదే అనుకున్నాను. ఎవరైనా మొదటి పేజీలో రెండు మాటలు రాసి ఇస్తారు. చివరి పేజీలో రాసే మనిషివి ఐస్‌లాండ్ మొత్తానికి నువ్వొక్కదానివే. నేనూ చూడలేదు, కొట్టువాడూ చూడలేదు. నువ్వేమో అదే కొట్టుకు వచ్చి, అలవాటు కొద్దీ వెనకనుంచి తిరగేసి, నీ చేతిరాత నువ్వే చూసుకున్నావు. ఉన్నూర్‌కి నా పుస్తకం కన్నా అల్లికల పుస్తకం ముద్దొచ్చిందట అని తొట్టిలో అందరి ముందూ అన్నావు. వేసవికల్లా చెప్పకుండా ఊరే మారిపోయావు.

నాకు చాలా బాధేసింది, హాల్‌బేరా. మంచి పుస్తకం చదివినా, ఎవరితో పోట్లాడాలో తెలియక మూసి పక్కన పెట్టేదాన్ని. ఈ క్రిస్మస్‌కు రా. ఇద్దరం చెరో దీపం, మధ్యలో చాక్లెట్ డబ్బా, తెల్లారేదాకా చదువుకుందాం. నట్స్ ఉన్నవన్నీ నీకే.

నీతో పోట్లాట లేక నోరు తుప్పుపట్టిన,
ఉన్నూర్

తా.క. ఆ విధవరాలు గొర్రెల్ని అమ్మలేదని నాకు తెలుసు. నువ్వు కొట్లోంచి విసురుగా వెళ్లిన వారమే, నీ చేతిరాత ఉన్న ఆ నవలను తిరిగి కొన్నాను, రెండుసార్లు చదివాను. ముగింపు కావాలనే తప్పు రాశాను. బ్లాగు చిరునామా నీ చెల్లెలికి పంపిందీ అందుకే. ఎవరైనా ముగింపు తప్పు చెబితే ఊరుకోలేని మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది, తడి తువ్వాలు గారూ. ఈ బ్లాగంతా ఆవిడ కోసమే. ఆ నవల చివరి పేజీలో, ఇక్కడిదాకా వచ్చావంటే నువ్వు నా స్నేహితురాలివే అని రాశావు.

వచ్చానే. కాస్త ఆలస్యంగా.