నాచుకు కాళ్లు లేవు

ఆళ్లగడ్డ ఎండలో నీడకు పరదా లేకుండా ఉలి పట్టి నువ్వు చచ్చిపోవడం తప్పు, అన్నా. నేను కడ్తానంటే వద్దంటివి. “నీడలో బొమ్మ మొగం తెలీదురా” అంటివి. జీపులో ఆస్పత్రికి వేసుకోని పోతే నంద్యాల దాకా కూడా రాలేదు నువ్వు.

నువ్వు సగంలో వదిలిన అమ్మవారిని నేనే పూర్తి చేసి, మొన్న లారీలో విశాఖ సముద్రం ఒడ్డున గుడిలో దింపొచ్చినా. ఆడ బండల గుంతల్లో ఎర్ర నాచు, పచ్చ నాచు ఉంది. అలలు వెనక్కి పోతే నీళ్లు తగ్గి ఎండ నేరుగా దాని మీదే పడ్తాది. ఎట్ల బతుకుతాదా అని ఫోన్లో వెతికి చదివినా. ఎండ ముదిరితే వెలుగు పట్టే పని తగ్గించుకోని, మిగిలింది వేడిగా వదిలేస్తాదంట. వెలుగు తగ్గితే రంగు పెంచుకోని, ఉన్నదంతా పట్టుకుంటాదంట. దానికి కాళ్లు లేవు, రాయిని పట్టుకోని ఉండాల్సిందే. నీకు కాళ్లుండె కదా. వేపచెట్టు పక్కనే ఉండె.

ఇప్పుడు ఈడ నువ్వు చెక్కిన జాగాలోనే నాకు నంది బొమ్మ పని అప్పజెప్పినారు. నేను పరదా తెస్తే మేస్త్రీ నవ్వుతాండాడు.

“ఏందప్పా, పెండ్లి పందిరేస్తాండావా? మీ యన్న ఏనాడన్నా కట్టిండెనా?”

పరదా మడిచి పక్కన పెట్టినా. ఈడ నీ మాటకు ఇంకా అంత బరువుంది.

మొగం పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో చెక్కుతా. నడిమధ్యాన్నం పరదా కింద వీపు, కాళ్లు చెక్కుతా. అది తప్పయితే రేపు పొద్దు నెత్తికెక్కేలోపల వచ్చి చెప్పు. రాకుంటే కట్టేస్తా.