మంచు కాటేసిన జొన్న

సెప్టెంబరు 26

రేడియోలో ఈ సీజన్ ఫోర్‌కాస్ట్ చెప్పారు. ఉత్తరపు చలి ఈసారి మైదానాల మీదికి ముందే దిగుతుందట. అక్టోబరు రెండో వారం దాటకుండానే మొదటి ఫ్రీజ్, నీళ్ళు గడ్డకట్టే చలి, ఉండొచ్చట. బయట చూస్తే ఎండ వీపు చీరేస్తోంది. పడమటి కాన్సస్‌లో ఇది మామూలే. ఒకే వారంలో ఫ్యానూ తిరుగుతుంది, హీటరూ వెలుగుతుంది.

ఆగస్టులో మేతకి కోసిన జొన్న మళ్ళీ పిలకలు వేసి మోకాలెత్తు పచ్చగా నిలబడింది. గడ్డి మాడిపోయిన ఈ ఏడు పశువుల చూపంతా ఆ చేను మీదే. ఫోర్‌కాస్ట్ వినగానే ఓర్వల్ అన్నయ్య కప్పు కింద పెట్టి, "గేటుకి చైన్ వెయ్యరా. ఇక అందులో ఒక్క మూతి పడకూడదు" అన్నాడు.

మంచు తగిలిన జొన్న పిలక విషం. ఈ కౌంటీలో ఆ సంగతి తెలియనివాడు లేడు. తెలిసింది అన్నయ్య వల్లే. రైతుల కో-ఆప్ కొట్లో కాఫీ బల్ల దగ్గర ఏటా ఈ రోజుల్లో అదే ఉపన్యాసం. కుర్ర రైతులు ఆయన కంటే ముందే మిగతా వాక్యం పూర్తి చేసేస్తారు. ఆయన అదీ పట్టించుకోడు.

డెబ్భై ఆరేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి వెనక చిన్నింట్లో పడుకుంటాడు, భోజనం మా దగ్గర. ఎప్పుడు విత్తాలో, ఏ ఆవుని ఉంచాలో ఆయన మాటే. నాకు అరవై ఏడొచ్చినా, ఈ పొలంలో నేను ఇంకా తమ్ముణ్ణే.

సెప్టెంబరు 30

రాత్రి భోజనం చేసి వెళ్ళిన అన్నయ్య కాసేపటికి మళ్ళీ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఇవాళ వంట ఆలస్యమైందేం అన్నాడు. నా భార్య మోరీన్ ఇంకో పళ్ళెం పెట్టింది. తిండిపోతు అని నేను నవ్వాను. నవ్వకు వెండెల్, అంది తను.

అక్టోబరు 4

గాలి ఉత్తరానికి తిరిగింది. బాతుల బారులు దక్షిణం పోతున్నాయి.

గోధుమ ఎప్పుడు విత్తుదాం అని అడిగాడు అన్నయ్య. పోయిన వారం మేమిద్దరమే విత్తాం. ట్రాక్టరు నడిపింది ఆయనే. మొలక కూడా వచ్చింది. ఆ మాటే చెప్పాను. నేనేదో దొంగతనం చేసినట్టు నా వంక చూశాడు. తర్వాత భుజం మీద చరిచి, "నాకు తెలీదనుకున్నావా? నీకు గుర్తుందో లేదో చూశాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నా నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

అక్టోబరు 8

ఈ రాత్రికి ఫ్రీజ్ వార్నింగ్. గడ్డకట్టి పగలకుండా గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేశాం. మోరీన్ పచ్చి టమాటాలన్నీ కోసి వంటింటి నిండా పరిచింది. జొన్న చేను గేటుకి అన్నయ్య తన చేత్తో రెండో చైన్ కూడా చుట్టాడు.

అక్టోబరు 9

మంచు కొట్టింది. చేను మొత్తం ఉడికిన ఆకుకూరలా వాలిపోయింది.

అక్టోబరు 10

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ట్రాక్టరు ఫిల్టరు కోసం ఊళ్ళోకి వెళ్ళాను. కొట్లో ఉండగానే మోరీన్ ఫోను. ఆవులు జొన్నలో ఉన్నాయి, త్వరగా రా అంది. ఇంకేమీ అనలేదు. పశువుల డాక్టరమ్మ క్రిస్టాకి ఫోన్ చేస్తూనే పికప్ ఎక్కాను.

గేటు బార్లా తీసి ఉంది. తెగలేదు, విరగలేదు. చైన్లు రెండూ చక్కగా గుంజకి తగిలించి ఉన్నాయి. అన్నయ్య గేటు మీద మోచేతులు ఆనించి చేను వైపు చూస్తున్నాడు. ఆ మొహంలో ఎంత తృప్తి. "చూడు తమ్ముడూ, ఎంత ఇష్టంగా తింటున్నాయో. ఆకలి మీదున్నాయి పాపం" అన్నాడు.

అప్పటికే ఒకటి మోకాళ్ళ మీద కూలబడి ఉంది.

తరమకూడదు. పరిగెడితే ఊపిరాడక ఇంకా త్వరగా పోతాయి. దాణా బండి సైరన్ మోగిస్తూ నెమ్మదిగా చేను పక్క నుంచి పోనిచ్చాను. రోజూ దాణాకి వచ్చినట్టే తలలెత్తి నా వెనక నడిచాయి. అన్నీ రాలేదు. కొన్ని నోట నురగతో, కాళ్ళు వణుకుతూ అక్కడే నిలబడిపోయాయి. క్రిస్టా వచ్చీ రావడంతో మెడ నరానికి మందు ఎక్కించడం మొదలుపెట్టింది. నేను తల పట్టుకుంటే ఆమె పొడిచింది. కొన్ని లేచాయి. నాలుగు లేవలేదు. ఆ విషం వల్ల, సూది దిగిన చోట కారిన రక్తం అంత ఎర్రగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పోయిన వాటిలో ఒకటి, తల్లి చనిపోతే అన్నయ్య సీసాతో పాలు పట్టి పెంచినది.

ఆయన దాని పక్కన కూర్చుని చెవి నిమిరాడు. లేచాడు. ఆ మొహం మళ్ళీ నాకు తెలిసిన అన్నయ్య మొహం. "గేటు తీసిందెవడ్రా?"

మోరీన్ నా వంక చూసింది. క్రిస్టా చేతిలో సూది ఆగిపోయింది.

నేనే అన్నయ్యా, అన్నాను.

ఇక తిట్టాడు. నా జీవితంలో అన్ని తిట్లు తినలేదు. "చిలక్కి చెప్పినట్టు చెప్పానే! అరవై దాటాయి, బుర్ర ఎక్కడ పెట్టుకున్నావురా? రేపు నేను పోయాక ఈ నోరులేని జీవాల్ని నీ చేతిలో ఎలా పెట్టి పోను?"

తల వంచుకుని నిలబడ్డాను. ఆయన గొంతు అంత గట్టిగా ఉన్నందుకు లోపల ఒక మూల సంతోషం కూడా వేసింది. ఇది ఎవరికి చెప్పుకోను.

అక్టోబరు 12

కాఫీ బల్ల దగ్గర అన్నయ్య అందరికీ చెప్పేశాడు, మా తమ్ముడు చేసిన పని చూశారా అని. పక్క పొలం లోవెల్, "వెండెల్, నీకింక ఆవులొద్దు, కోళ్ళు కొనిపెడతాం" అన్నాడు. ఎర్రవి కొనండి, గుడ్లు బాగా పెడతాయి అన్నాను. నవ్వారు. తలుపు దగ్గరి బల్ల మీద క్రిస్టా ఉంది. తను నవ్వలేదు. తన కప్పులోకే చూసుకుంటూ కూర్చుంది.

ఇంటికొచ్చాక మోరీన్ కోప్పడింది. నింద మోస్తే మొయ్యి, రోగాన్ని కూడా మోసేద్దామనుకోకు అంది. ఆమె మాట నిజం. హేస్ పట్నంలో డాక్టరుకి ఫోన్ చేశాను.

అక్టోబరు 17

డాక్టరు చాలాసేపు చూశాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. అన్నయ్య గీసింది నేను చూడలేకపోయాను. వెనక్కి తిరిగిరాని జబ్బట. బండి నడపనివ్వొద్దన్నాడు. ఒంటరిగా వదలొద్దన్నాడు. అన్నయ్య అంతా విని, మీ వైపు వానలు పడ్డాయా అని డాక్టర్నే అడిగాడు.

బండిలో తిరిగొస్తున్నాం. రోడ్డుకి రెండు వైపులా కోసేసిన చేలు. ఉన్నట్టుండి, "తమ్ముడూ, ఆ గేటు నేనే తీశానా?" అన్నాడు.

లేదన్నయ్యా, నేనే.

కిటికీ వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పడం రాదురా."

జేబులోంచి తన పికప్ తాళం తీసి నా ముందు పెట్టాడు. "రేపు అడుగుతాను. ఇవ్వకు. ఎంత తిట్టినా ఇవ్వకు."

బండి పక్కకి ఆపాల్సి వచ్చింది. రోడ్డు కనపడలేదు.

అక్టోబరు 18

అడిగాడు. తిట్టాడు. ఇవ్వలేదు.

నవంబరు 3

గట్టి ఫ్రీజ్‌లు వరసగా పడ్డాయి. జొన్న ఎండి గడ్డిలా కరకరలాడుతోంది. విషం విరిగిపోయి ఉంటుంది. ఉంటుంది అనే మాట మీద ఆవుల్ని వదలలేక ఆకులు కోసి పరీక్షకి క్రిస్టాకి పంపాను. పరవాలేదంది. ఇవాళ గేటు నేనే తీశాను. నిజంగానే నేను. ఎవరినీ అడగకుండా ఈ పొలంలో నేను చేసిన మొదటి పని ఇదేనేమో. అన్నయ్య పక్కన నిలబడి ఆవుల్ని చూశాడు. బాగున్నాయి, ఎవరివి అన్నాడు. మనవే అన్నాను.

నవంబరు 21

మొదటి హిమపాతం. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "నాన్నా, వాగు దాకా వెళ్ళి రానా?" అని అడిగాడు.

కోటు వేసుకో అన్నాను. బొత్తాలు పెట్టాను. నేనూ నా కోటు వేసుకున్నాను.