హామ్‌స్టర్లు ఇప్పుడు మన ఇంట్లో లేవు

కొండల్లో ఉన్న మా వారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ ఇల్లూ క్షేమం. ఈ ముక్క రాసి, కలం పక్కన పెట్టి రెండుసార్లు చదువుకున్నాను. నిన్నటిదాకా అలా రాసే ధైర్యం లేదు నాకు. అందుకే మీ రెండు ఉత్తరాలకీ జవాబు రాలేదు. అలిగాననుకున్నారట. ఫోను కూడా పలకని చోట వెల్డింగు చేసుకునే మనిషి మీద అలిగి ఏం లాభం? బతిమాలడానికైనా ఎదురుగా ఉండొద్దూ.

మీరడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. వంటింటి కుళాయి బాగుచేయించాను. కళ్ళజోళ్ళ షాపులో నా పని మామూలే, అద్దాలు అరగదీయడం, ఫ్రేముల్లో బిగించడం. ఇక మీ బుల్లి ఎలుకల, అదే హామ్‌స్టర్ల సంగతి. "తిండిపోతు చిక్కిందా? పిరికిది ఇంకా చెయ్యి చూస్తే పారిపోతోందా?" అని రాశారు. రెండూ బాగానే ఉన్నాయి. తిండిపోతు బుగ్గల నిండా గింజలు కుక్కుకుని, తలకంటే బుగ్గలే పెద్దవై తిరుగుతోంది. కాకపోతే అవి ఇప్పుడు మన ఇంట్లో లేవు. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

కిందటి నెల ఒక ఉదయం బోనులో కింద పరిచే రంపపు పొట్టు మారుస్తున్నాను. అంతకుముందే వేరుశనగకాయలు వలిచిన చెయ్యి. ఆ వాసనకి గింజ అనుకుందో ఏమో, పిరికిది చూపుడువేలు కొరికింది. మనిషి బొటనవేలంత లేదు, పళ్ళు మాత్రం సూదులు. రక్తం కడుక్కుని పనిలోకి వెళ్ళిపోయాను. తొమ్మిదోనాటికి జ్వరం తగిలింది. ఒళ్ళంతా పచ్చిపుండు, తల ఎత్తలేకపోయాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"కుక్కా పిల్లీ లేవండీ. చిన్న హామ్‌స్టర్లు రెండున్నాయి."

ఆవిడ రాయడం ఆపేశారు. "బోను కడిగేదెవరు?"

"నేనే."

వేలి మీద మచ్చ చూపించాను. దీపం దగ్గరికి లాగి చూశారు. అలాంటి జంతువుల్లో కొన్నిటికి ఒక వైరస్ ఉంటుందట. కాటువల్లా, పొట్టు దులిపినప్పుడు లేచే దుమ్మువల్లా మనిషికి అంటుకోవచ్చట. "చాలా అరుదమ్మా, కంగారుపడకు" అంటూనే రక్తం తీయించారు. అందులో ఏమీ లేదు. "ఇంత తొందరగా తెలియకపోవచ్చు. రెండు వారాలాగి మళ్ళీ చూద్దాం" అన్నారు.

ఆ రెండు వారాలు నేను మనిషిని కాను. ఆ గది తలుపు మూసేశాను. తలుపు వెనక అవి పరిగెత్తే చక్రం చప్పుడు వింటే చెవులకి దిండు అదుముకునేదాన్ని. అవి ముట్టుకున్న గిన్నె, నేను ముట్టుకున్న తువ్వాలు, అన్నీ అనుమానమే. చేతులు కడిగి కడిగి చర్మం ఊడింది. ఒక సాయంత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని బోను కిందికి తీసుకెళ్ళాను. చెత్తడబ్బా పక్కన పెట్టేశాను. అటు తిరిగి నాలుగు మెట్లెక్కాను కూడా. వెనక్కి చూస్తే రెండూ ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. వాటికేం తెలుసు. ఎవర్నో తిట్టాలని ఉంది, తిట్టడానికి ఎవరూ లేరు. అక్కడే మెట్టుమీద కూర్చుని మా షాపు పెద్దాయనకి ఫోన్ చేశాను.

వచ్చాడు పాపం. "జనం ఎలుకల బాధ పడలేక పిల్లిని తెచ్చుకుంటారు. మీ ఆయన కోరి ఎలుకల్నే తెచ్చాడా?" అంటూ బోను పట్టుకెళ్ళాడు. షాపు వెనకగదిలో పెట్టి ఆయనే చూసుకుంటున్నాడు. నన్ను ఆ గది గడప తొక్కనివ్వడు.

మామూలు జ్వరానికి ఇంత హడావుడేమిటని అనుకుంటున్నారు కదూ. నేను వెళ్ళింది ఏ డాక్టరమ్మ దగ్గరికో రాయలేదు. మన డాక్టరమ్మే. రెండుసార్లూ మనిద్దరికీ కుర్చీలు చూపించి, తలుపు మూసి, మెల్లగా మాట్లాడిన ఆవిడే. నాకు నాలుగో నెల నడుస్తోంది. ఆ వైరస్ పెద్దవాళ్ళని ఉత్త జ్వరంతో వదిలెయ్యొచ్చు గానీ కడుపులో బిడ్డకి చాలా ప్రమాదమట.

దాచినందుకు కోపం తెచ్చుకోండి, పడతాను. మొదటిసారి తెలిసిన రోజే చెప్పాను, రెండోసారీ అంతే. మీరు సంబరంగా అందరికీ చెప్పారు. తర్వాత వాళ్ళందరికీ, కడుపు నిలవలేదని ఒక్కొక్కరికీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ రెండో మాట చెబుతున్నప్పుడు మీ మొహం చూశాను. నాకు ఇల్లు బోసిగా ఉండకూడదని మీరా హామ్‌స్టర్ల జంటని తెచ్చింది ఆ తర్వాతే కదా. మూడోసారి మీకా పని పెట్టలేక నోరు కుట్టేసుకున్నాను. వాటి వల్లే ఇది వచ్చిందని తేలితే మీకు ఏ మొహంతో రాయాలో తెలియలేదు.

నిన్న రెండో పరీక్ష ఫలితం వచ్చింది. ఏమీ లేదు. "అది ఉత్త జ్వరమేనమ్మా" అన్నారు డాక్టరమ్మ. ఆవిడ బల్లమీద తలపెట్టి ఏడ్చాను. స్కానింగు వచ్చే గురువారం.

భయం పోయిందని అబద్ధం రాయను. పొద్దున లేస్తూనే రక్తం మరకేమైనా ఉందేమోనని పక్క తడుముకుని చూసుకుంటున్నాను. మీ వాళ్ళకీ మా వాళ్ళకీ ఎవరికీ ఇప్పుడే చెప్పకండి. మిమ్మల్ని సంతోషించమని కూడా అడగను. కొన్నాళ్ళు నాతోపాటు భయపడండి, చాలు. ఒక్కదాన్నే పడలేకపోతున్నాను.

ఇట్లు,
మీ ఇంటావిడ