ఒంట్లో కరెంటు

జూన్ 9, సోమవారం
మళ్లీ అదే బల్ల. కడుపునిండా నీళ్లు తాగి, ఉచ్చ ఆపుకొని పడుకోవాలి. ముడి నిలవని గౌను. దాన్ని పైకి జరిపి, నడుము పక్కన గీసిన గీతలు చూసుకుని, "కదలకమ్మా" అంటాడు మిషను దగ్గరి మనిషి. నొప్పి ఉండదు. లేచేసరికి నా మీద నాకే రోత.

కరీంనగర్ నుంచి తిరుగు బస్సులో పక్కామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అని కాగితం మీద రాస్తారు. ఈ వాసన గురించి రాయరు.

జూన్ 10
ఆస్పత్రిలో రేడియేషన్ అని ఎవరూ అనరు. కరెంటు పెట్టుడు అంటారు. అత్తమ్మ ఆ మాట పట్టుకుంది. "దాని ఒంట్ల కరెంటున్నది... పోరిని ముట్టనియ్యకుర్రి."

ఇవాళ రబ్బరు చెప్పులు వేసుకొని నాకు అన్నం పెట్టింది. చెప్పులు! వంటింట్లో! గడప దాటి చెప్పు వస్తే కొడుకును కూడా తిట్టే మనిషి. మొదట నవ్వొచ్చింది. తర్వాత కంచం పక్కకు జరిపాను.

జూన్ 11
డాక్టరమ్మను అడిగాను. బయటి నుంచి పెట్టేది ఒంట్లో మిగలదు, బిడ్డను పక్కలో పడుకోబెట్టుకో అంది. సాంచాల పని నుంచి, మరమగ్గాల రొద చెవుల్లోనే పెట్టుకుని వచ్చి తింటున్న ఆయనకు చెప్పాను.

"అవ్వకు నేనెట్ల చెప్పాలె... జర ఓపిక పట్టు."

తల ఎత్తలేదు. ఆయన మంచం కూడా అరుగు మీదికి పోయింది. ఛీ.

జూన్ 12
బడి తెరిచారు. చిన్నికి అత్తమ్మ జడలు వేసింది, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఏటా నా ఒళ్లో కూర్చుని వేయించుకునేది. వాకిట్లోంచే చెయ్యి ఊపి పోయింది నా బిడ్డ.

జూన్ 13
విరేచనాలు. రాయలేను.

జూన్ 15, ఆదివారం
నిన్నా ఇవాళా మిషను లేదు. ఇవాళన్నా కరెంటు ఉండదు కదా అని అత్తమ్మను అడిగాను.

"మొన్నటిది దిగొద్దా?"

నన్ను ఇన్వర్టర్ అనుకుంటోంది. ఈ ఇల్లంటేనే అసహ్యం పుడుతోంది.

మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే టపటపా చప్పుడు. చిన్ని. కాళ్లకు అత్తమ్మ రబ్బరు చెప్పులు, చేతిలో దువ్వెన.

"అమ్మా, చెప్పులేసుకున్న... ఇగ ముట్టుకోనా?"

చేతులు చాపాను. "అవి ఇడిచి రా బిడ్డా."

నా చేతుల వైపు చూసింది. ఒక చెప్పు విడిచింది. రెండోదాని మీదే నిలబడింది.