బిల్బావోలో పెట్టిన బొట్టు

చాండ్లర్, అమెరికా

అక్కకి, సుభద్ర నమస్కరించి రాస్తున్నది.

ఫోనులో అనలేని మాట ఒకటి ఉండి ఇన్నాళ్ళకి కలం పట్టాను. ఫోను మోగితే అక్కడ మీ కోడలు స్పీకర్‌లో పెడుతుంది, ఇక్కడ మా అత్తగారు పక్కనే ఉంటారు. మొన్న నువ్వు, "స్వాతి పెళ్ళికి వస్తాలేవే, వంటింట్లో ఓ మూల కూర్చుని చూస్తాను" అన్నావు. అందరూ వింటున్నారని "సరే అక్కా" అని పెట్టేశాను. బావగారు పోయాక నువ్వు ఏ శుభకార్యంలోనూ ముందుకి రాలేదు. నా కూతురి పెళ్ళిలో కూడా అంతేనా అన్నదే నా బాధ.

మేమందరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నూనె రాసుకుంటున్నావా? ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. శనివారాలు గుడిలో వంటకి వెళ్తున్నాను. మిగతా రోజులు ఇల్లు, పూజ, పెళ్ళి పనులు. నా గురించి బెంగ పెట్టుకోకు.

పోయిన నెల మీ మరిదిని ఆఫీసు వాళ్ళు ఒక మెషీన్ చూసి రమ్మని స్పెయిన్‌లో బిల్బావో అనే ఊరికి పంపితే, నేనూ వెళ్ళాను. అది మన గాజువాక లాంటి ఊరేనట ఒకప్పుడు. ఇనుప గనులు, కొలుములు, ఏటి ఒడ్డున ఓడలు కట్టే యార్డులు. బాల్కనీలో బట్టలు ఆరేస్తే ఎర్రదుమ్ము పట్టేదట, మీ దాబా మీద వడియాలకి నల్లదుమ్ము పట్టినట్టు. ఇప్పుడు ఆ ఒడ్డున చేప పొలుసుల్లా మెరిసే రేకులతో పెద్ద మ్యూజియం ఉంది. దాని ముందు మేడంత కుక్క బొమ్మ, ఒళ్ళంతా పూలమొక్కలే. ఎవరో పూలంగి సేవ చేసినట్టుంది. వెనక పెద్ద ఇనుప సాలెపురుగు. అందరూ దాని కింద ఫోటోలు దిగుతున్నారు. నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చి చేతులు జోడించాను. రోజూ సన్నటి వాన.

అక్కడ మీ మరిదితో పనిచేసిన మికెల్ అనే అబ్బాయి ఆదివారం భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మ బెగోన్యా గారికి మన భాష రాదు, నాకు వాళ్ళది రాదు, మికెలే అటూ ఇటూ చెప్పాడు. "చేప కూడా తినరా! మరి ఈ తల్లి ఏం తిని బతుకుతోంది?" అని ఆవిడ ఆశ్చర్యపోయి, నాకోసం మిరపకాయలు కాల్చి, రొట్టెతో పెట్టింది. బాగున్నాయి.

వచ్చేటప్పుడు అలవాటు ప్రకారం రవికె గుడ్డ ఇచ్చి, బొట్టు పెట్టాను. ఆవిడ నవ్వుతూ నుదురు ముందుకి వంచింది. పెట్టి తలెత్తితే గోడ మీద ఒక పెద్దాయన ఫోటో, ముందు చిన్న దీపం.

"మా నాన్న. షిప్‌యార్డ్‌లో వెల్డర్. పోయి చాలా ఏళ్ళయింది" అన్నాడు మికెల్.

భర్త పోయిన ఆవిడకి బొట్టు పెట్టేశానని అప్పుడు తెలిసింది. "తుడవనా?" అని మెల్లిగా తెలుగులో అడిగాను.

"ఊరుకో. ఆవిడ మొహం చూడు" అన్నారు మీ మరిది.

ఆవిడ అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరుగుతోంది. "ఇంక చూడండి, వీధిలో అందరికీ చూపిస్తే గానీ ఊరుకోదు" అన్నాడు కొడుకు. ఆవిడ వాడి వీపు మీద ఒక్కటి వేసి, నా చెయ్యి పట్టుకుని కొండ మీది చర్చికి తీసుకెళ్ళింది. దారిలో కనపడిన వాళ్ళందరికీ నుదురు చూపించింది. లోపల వాళ్ళ అమ్మవారు జరీ బట్టలు కట్టుకుని ఉంది. ఆ బొట్టుతోనే బెగోన్యా గారు ఆవిడ ముందు మోకరిల్లి, కొవ్వొత్తి వెలిగించింది. నేను పక్కన నిలబడి లలిత చదువుకున్నాను. తప్పు చేశానని నా మనసుకి అనిపించలేదు.

అక్కా, ఆవిడకి తెలియక పెట్టాను. నీకు తెలిసే పెడతాను. స్వాతిని పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు దానికి మొదటి బొట్టు, మొదటి నలుగు నువ్వే పెట్టాలి. మీ మరిదికి చెప్పాను, సరే అన్నారు. అత్తగారికి చెప్పాను. ఆవిడ చేతిలో జపమాల పక్కన పెట్టారు. తర్వాత, "నేనేమీ అనను. మీ అక్కే ఒప్పుకోదు చూడు" అన్నారు.

కాబట్టి ఇంక కాదనేది నువ్వొక్కదానివే. ఇది తప్పా అని గుడిలో దేవుడి ముందు కూడా అడిగే వచ్చాను. నువ్వు ఆ పీట దగ్గరికి రాకపోతే నీ బదులు ఇంకెవరినీ పిలవను, స్వాతికి మొదటి బొట్టు నేనే పెట్టి ఊరుకుంటాను.

పెళ్ళి ఇక్కడే, మాఘంలో. పెసలు, పసుపు కొమ్ములు కలిపి నలుగు పిండి నీ చేత్తో ఆడించి తీసుకురా, ఇక్కడి పొడులు నాకు నచ్చవు. పెద్దన్నయ్యకి, వదినకి నా నమస్కారాలు చెప్పు. పిల్లల్ని అడిగానని చెప్పు. మమ్మల్ని దీవించు.

జవాబు ఒక్క ముక్క రాసినా చాలు. ఈ కాగితాలు చింపకు, నీ పెట్టెలో దాచుకో. ఎవరికీ చూపించకు. ఇంట్లో వాళ్ళు చెప్తే వచ్చావని కాదు, నీకై నువ్వే వచ్చావని ఉండాలి.

నీ చెల్లెలు
సుభద్ర